ఊళ్లో మద్యం దుకాణం: పంచాయతీ చేతిలో ఏముంది, ఏం లేదు?

సంక్షిప్తంగా: మద్యం దుకాణానికి లైసెన్సు ఇచ్చే అధికారం గ్రామ పంచాయతీకి గాని, పురపాలక సంఘానికి గాని లేదు. అది పూర్తిగా రాష్ట్ర ఎక్సైజ్ శాఖ పరిధిలోని అంశం. అయితే ఆ శాఖ లైసెన్సుల కోసం తీసే లాటరీలో ఖరారయ్యేది దుకాణం నడిపే వ్యక్తి మాత్రమే. దుకాణం ఏ గదిలో, ఏ వీధిలో నడుస్తుందన్నది ఆ తరువాత తేలుతుంది. స్థానికుల అభ్యంతరానికి చట్టపరమైన బలం దొరికేది ఈ రెండో దశలోనే. గిరిజన ప్రాంతాలలోని షెడ్యూల్డ్ గ్రామాలలో మాత్రం గ్రామసభకు ఇంతకంటే పెద్ద అధికారం ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామాలలో వైన్ షాపు తెరుస్తున్నారన్న మాట వినగానే మహిళలు మొదట వెళ్లేది పంచాయతీ కార్యాలయానికి. సర్పంచి తీర్మానం చేయిస్తారు, దాని నకలు మండల కార్యాలయానికి, కలెక్టరేట్‌లోని ఫిర్యాదుల విభాగానికి చేరుతుంది. చాలా సందర్భాలలో దుకాణం అనుకున్న రోజునే తెరుచుకుంటుంది. తీర్మానం చేసినా ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు సమాధానం అధికారుల నిర్లక్ష్యంలో వెతకడం తేలికే గాని, అసలు కారణం ఎక్కువగా చట్టం నిర్మాణంలోనే ఉంది.

అధికారం ఎక్కడ మొదలవుతుంది

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం మత్తు పానీయాల తయారీ, స్వాధీనం, రవాణా, కొనుగోలు, అమ్మకాలను రాష్ట్రాలకు అప్పగించింది. అదే జాబితాలోని 51వ అంశం వాటిపై ఎక్సైజ్ సుంకం విధించే హక్కును ఇచ్చింది. ఆరోగ్యానికి హాని చేసే మత్తు పదార్థాల వాడకాన్ని నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని 47వ అధికరణం చెబుతుంది, కాని అది ఆదేశిక సూత్రం మాత్రమే కావడంతో దాని ఆధారంగా ఎవరూ కోర్టుకు వెళ్లి దుకాణాన్ని మూయించలేరు. పంచాయతీలకు బదలాయించదగిన 29 అంశాలను పేర్కొన్న పదకొండవ షెడ్యూలులో గాని, పురపాలక సంఘాలకు సంబంధించిన 18 అంశాల పన్నెండవ షెడ్యూలులో గాని మద్యం ప్రస్తావన లేదు. తాగునీరు, వీధి దీపాలు, పారిశుధ్యం స్థానిక సంస్థల బాధ్యతలుగా ఉన్నాయి. మద్యం అమ్మకం లేదు.

వ్యాపారి వైపు నుంచి చూసినా పరిస్థితి ఇలాంటిదే. మద్యం వ్యాపారం చేయడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో స్పష్టం చేసింది. 1996లో మెక్‌డోవెల్ కేసులో ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధ చట్టాన్ని సమర్థించింది. అంటే అనుమతించడం, నిషేధించడం, తానే అమ్మడం అనే మూడు దారులూ రాష్ట్ర ప్రభుత్వానికి తెరిచే ఉన్నాయి. గడచిన మూడు దశాబ్దాలలో ఆంధ్రప్రదేశ్ ఈ మూడింటినీ ప్రయత్నించింది.

మారుతూ వచ్చిన విధానం

ఈ ప్రాంతానికి మద్యనిషేధం కొత్త అనుభవం కాదు. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కాలంలోనే, 1948 నాటికి, నిషేధం ఇక్కడికి విస్తరించింది. శ్రీకాకుళం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1950లో కాబట్టి జిల్లా పుట్టుకే నిషేధ కాలంలో జరిగిందనుకోవచ్చు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో శాసనసభలో ఓడిపోవడానికి కారణమైన అంశం కూడా మద్యనిషేధమే. ప్రస్తుత లైసెన్సుల వ్యవస్థకు పునాది అయిన ఎక్సైజ్ చట్టం 1968లో వచ్చింది.

నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం నిలిచిపోయింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దానిని సడలించింది. 2019 అక్టోబరు 1 నుంచి జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం ప్రైవేటు దుకాణాలను తొలగించి, ప్రభుత్వ సంస్థ అయిన బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా నేరుగా అమ్మకం చేపట్టింది. అప్పటికి 4,380గా ఉన్న దుకాణాల సంఖ్యను 3,500కు తగ్గించింది, ధరలను బాగా పెంచింది. 2024 అక్టోబరులో విధానం మళ్లీ తిరగబడి, 3,396 దుకాణాలు లాటరీ పద్ధతిలో ప్రైవేటు వ్యక్తులకు వెళ్లాయి.

ఇన్ని మలుపులలోనూ మారనిది ఒకటి ఉంది. ఏ విధానంలోనూ మైదాన ప్రాంత గ్రామసభ సమ్మతి తప్పనిసరి కాలేదు. ప్రభుత్వ దుకాణమైనా, ప్రైవేటు దుకాణమైనా ఊరికి సమాచారం చేరింది నిర్ణయం జరిగిన తరువాతే.

లాటరీ నుంచి తలుపు తెరిచే దాకా

2024 విధానం ప్రకారం ప్రతి జిల్లాలో ఏ మండలానికి, ఏ పట్టణానికి ఎన్ని దుకాణాలో ముందుగా గెజిట్‌లో ప్రకటించారు. ఆసక్తి ఉన్నవారు ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు చెల్లించారు. ఆ సొమ్ము తిరిగి రాదు. రాష్ట్రమంతటా 89,882 దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్క సీసా కూడా అమ్మకముందే దాదాపు 1,797 కోట్ల రూపాయలు ఖజానాకు చేరాయి. అక్టోబరు 14న కలెక్టర్ల పర్యవేక్షణలో డ్రా తీశారు. లైసెన్సు కాలం 2026 సెప్టెంబరు 30 వరకు. దుకాణాల వేళలు ఉదయం 10 నుంచి రాత్రి 10 గంటల వరకు.

డ్రాలో పేరు వచ్చిన వ్యక్తి లైసెన్సు రుసుములో మొదటి వాయిదా చెల్లించి తాత్కాలిక లైసెన్సు పొందుతాడు. ఆ తరువాత, తనకు కేటాయించిన పరిధిలో గది వెతుక్కొని, అద్దె ఒప్పందం చేసుకొని, ఆ స్థలం నిబంధనలకు లోబడి ఉందని ఎక్సైజ్ అధికారులకు చూపించాలి. ఈ అంచెను జాగ్రత్తగా గమనించాలి. దుకాణం తమ మండలానికి వస్తుందన్న విషయం గెజిట్‌తో తేలిపోతుంది, దానిని పంచాయతీ తీర్మానం మార్చలేదు. కాని ఫలానా పాఠశాల పక్క గదిలోనా, ఊరి చివరి షెడ్డులోనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. “మా ఊళ్లో మద్యం వద్దు” అని రాసిన వినతిపత్రానికీ, “ఈ గది నిబంధనకు విరుద్ధం, దూరం ఇంత” అని రాసిన వినతిపత్రానికీ మధ్య తేడా ఇక్కడే ఉంది. మొదటిది విధానం మీద అభిప్రాయం, దానిని పక్కన పెట్టవచ్చు. రెండోది లైసెన్సు షరతు ఉల్లంఘన గురించిన ఫిర్యాదు, దానిని పరిశీలించి తీరాలి.

నూరు మీటర్ల లెక్క

ప్రార్థనా స్థలం, విద్యాసంస్థ, ఆసుపత్రి నుంచి 100 మీటర్లలోపు దుకాణం ఉండరాదన్నది అందరికీ తెలిసిన నియమం. వివాదం వచ్చేది ఆ నూరు మీటర్లను కొలిచే తీరు దగ్గర, ఆ మూడు మాటల నిర్వచనాల దగ్గర. 2012 నాటి దుకాణాల నిబంధనలతో స్థిరపడిన పద్ధతి ప్రకారం దూరాన్ని గాలిలో గీత గీసినట్టు కొలవరు. దుకాణం ద్వారం మధ్య నుంచి అవతలి సంస్థ గేటు వరకు, మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారి వెంబడి కొలుస్తారు. గోడ అవతలే బడి ఉన్నా, బడి గేటు వేరే వీధిలో ఉంటే దూరం 100 మీటర్లు దాటవచ్చు. కంటికి కనిపిస్తున్న దుకాణం కాగితం మీద దూరంగా ఉండడం ప్రజలకు మోసంలా అనిపించడానికి కారణం ఇదే.

నిర్వచనాల విషయం ఇంకా సూక్ష్మమైనది. ప్రార్థనా స్థలమంటే దేవాదాయ శాఖలో నమోదైన ఆలయం, వక్ఫ్ బోర్డులో నమోదైన మసీదు, చర్చి. విద్యాసంస్థ అంటే గుర్తింపు పొందిన ప్రాథమిక పాఠశాల మొదలుకొని కళాశాల వరకు. ఆసుపత్రి అంటే ప్రభుత్వ లేదా స్థానిక సంస్థ ఆసుపత్రి, లేదా కనీసం 30 పడకలున్న ప్రైవేటు ఆసుపత్రి. ఈ కొలబద్దను ఉత్తరాంధ్ర పల్లెకు పెట్టి చూస్తే ఎన్ని ఖాళీలు ఉన్నాయో తెలుస్తుంది. ఊరంతా ఏటా పండుగ చేసే అసిరితల్లి గుడి గాని, నూకాలమ్మ గుడి గాని దేవాదాయ శాఖ పుస్తకాలలో లేకపోతే, ఈ నియమం దృష్టిలో అది గుడి కాదు. పసిపిల్లలు చేరే అంగన్‌వాడీ కేంద్రం ప్రాథమిక పాఠశాల కంటే ముందు దశ కాబట్టి ఆ నిర్వచనంలోకి రాదు. పది పడకల నర్సింగ్ హోమ్ కూడా రాదు.

అందుచేత స్థానిక సంస్థ చేయగలిగిన పనులలో అతి విలువైనది, బయటికి చిన్నదిగా కనిపించేది, రికార్డు. గుడి నమోదు, బడి గుర్తింపు ఉత్తర్వు, గేటు ఏ వైపు ఉందో చూపే పటం, పంచాయతీ కార్యదర్శి సమక్షంలో కొలిచిన దూరం వంటి కాగితాలు జతపడిన తీర్మానం, అవి లేని తీర్మానం ఒకే బరువు తూగవు.

జాతీయ రహదారి పక్క ఊళ్ల సంగతి

రెండు జిల్లాలలోనూ మద్యం దుకాణాల స్థానాన్ని ప్రభావితం చేసే మరో నియమం సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. 2016 డిసెంబరు 15న ఇచ్చిన తీర్పులో జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు ఉండరాదని కోర్టు ఆదేశించింది. 2017 మార్చి 31న, 20 వేలు లేదా అంతకు తక్కువ జనాభా ఉన్న స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జూలైలో పురపాలక సంఘాల పరిధిలోని దుకాణాలకు ఈ ఆంక్ష వర్తించదని వివరించింది. 2018 ఫిబ్రవరిలో, పట్టణాన్ని ఆనుకొని ఉన్న, లేదా పట్టణ స్వభావం సంతరించుకున్న పంచాయతీల విషయంలో నిర్ణయాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలింది.

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం మీదుగా భోగాపురం దాకా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఈ నాలుగు ఆదేశాల ఫలితం విచిత్రంగా కనిపిస్తుంది. పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం కాబట్టి అక్కడ రహదారి ఆంక్ష లేదు. టెక్కలి, నరసన్నపేట 2011 జనగణనలోనే 20 వేల జనాభా దాటిన పెద్ద ఊళ్లు, కాని పంచాయతీలుగా కొనసాగాయి. అలాంటి చోట 500 మీటర్ల నియమం వర్తించాలా, పట్టణ స్వభావం పేరిట సడలింపు దక్కాలా అన్నది ప్రభుత్వ నిర్ణయంపై ఆధారపడుతుంది. రణస్థలం వంటి చిన్న ఊరికి 220 మీటర్ల కొలత ఉంది. ఒకే రోడ్డు, ఒకే లారీల వరుస, తాగి బండి నడిపితే ఒకే ప్రమాదం. మారేది స్థానిక సంస్థ హోదా ఒక్కటే. బైపాస్ వేసిన చోట మరో చిక్కు ఎదురవుతుంది. ఊరి మధ్య నుంచి పోయే పాత రోడ్డు ఇంకా జాతీయ రహదారి జాబితాలో ఉందా, తొలగించారా అన్నదాన్ని బట్టి ఆ వీధిలో దుకాణం భవిష్యత్తు ఉంటుంది.

రుసుము లెక్కలోనే బెల్టు షాపు బీజం

లైసెన్సు రుసుమును జనాభాను బట్టి నాలుగు శ్రేణులుగా నిర్ణయించారు. 10 వేల లోపు జనాభాకు ఏటా 50 లక్షలు, 50 వేల వరకు 55 లక్షలు, 5 లక్షల వరకు 65 లక్షలు, ఆపైన 85 లక్షలు. రెండో ఏడాది 10 శాతం పెరుగుదల. ప్రాతిపదిక 2011 జనగణన. ఆ లెక్కలలో సాలూరు జనాభా 49,500, బొబ్బిలి జనాభా 56,819. పక్కపక్కనే ఉన్న ఈ రెండు పట్టణాల మధ్య ఏడు వేల మంది తేడా ఒక్కో దుకాణంపై ఏటా 10 లక్షల రూపాయల తేడాగా మారుతుంది.

అసలు చూడవలసింది అడుగు శ్రేణిని. దుకాణదారుకు దక్కే కమీషన్ 14 శాతం అనుకుంటే, 50 లక్షల రుసుము రాబట్టుకోవడానికే ఏడాదికి సుమారు 3 కోట్ల 57 లక్షల రూపాయల అమ్మకం జరగాలి. రోజుకు దాదాపు 98 వేలు. 99 రూపాయల క్వార్టర్ సీసాల లెక్కన రోజుకు 990 సీసాలు. అద్దె, జీతాలు, వడ్డీ, లాటరీలో పోగొట్టుకున్న దరఖాస్తుల సొమ్ము ఇందులో కలపలేదు. 10 వేల జనాభాలో పసిపిల్లలను, తాగనివారిని కూడా కలుపుకొని చూస్తే, తలకు రోజూ దాదాపు 10 రూపాయల మద్యం అమ్ముడైతే తప్ప రుసుము మాత్రమైనా తిరిగి రాదు. దుకాణం దగ్గరికి జనం రావడంతో ఈ లెక్క తేలడం కష్టం. సరుకే జనం దగ్గరికి వెళ్లాలి. కిరాణా కొట్టులో, పాన్ షాపులో, ఇంటి వెనుక గదిలో సీసాకు ఇంత అదనం వేసి అమ్మే బెల్టు షాపు పుట్టేది ఈ ఒత్తిడి నుంచే.

బెల్టు షాపు చట్టవిరుద్ధం. దానికి సరుకు పంపిన లైసెన్సుదారుకు మొదటిసారి 5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ప్రభుత్వం ప్రకటించింది. ఈ విషయంలో పంచాయతీకి శిక్షించే అధికారం లేదు. కాని ఏ ఇంట్లో అమ్ముతున్నారో ముందుగా తెలిసేది ఊరికే. సీసా మీది ముద్రను బట్టి అది ఏ డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లిన సరుకో అధికారులు కనుక్కోగలరు. అందువల్ల సీసాతో సహా ఇచ్చిన ఫిర్యాదు ఉత్తమాట కంటే దూరం వెళుతుంది.

ధరలు, దుకాణాలు రెండూ బిగించిన 2019 తరువాతి కాలం మరో పాఠం నేర్పింది. పాతపట్నం నుంచి పర్లాకిమిడి కొద్ది కిలోమీటర్ల దూరం. ఇక్కడ ధర పెరిగితే ఒడిశా మద్యం, నాటుసారా సరిహద్దు దాటి వచ్చే ఆకర్షణ పెరుగుతుంది. అక్రమ రవాణాపై 2020లో ప్రత్యేకంగా స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరోను ఏర్పాటు చేయవలసి వచ్చింది. నాటుసారా నిర్మూలనకు 2025లో నవోదయం 2.0 కార్యక్రమం మొదలైంది. దుకాణం లేని ఊరు మద్యం లేని ఊరు అయిపోదన్న వాదనకు సరిహద్దు మండలాలలో బలం ఎక్కువ. అయితే ఆ వాదన బడి పక్క దుకాణాన్ని సమర్థించడానికి పనికిరాదు.

గీత కులాల వాటా

మొత్తం దుకాణాలలో 10 శాతానికి సమానమైన 340 దుకాణాలను గీత వృత్తి కులాలకు కేటాయించి, రుసుమును సగానికి తగ్గించారు. ఈ ప్రాంతంలో శ్రీశయన, యాత కులాల వారికి ఇది వర్తిస్తుంది. కల్లు గీసే వృత్తి కుంచించుకుపోయిన కుటుంబాలకు ప్రత్యామ్నాయం చూపడం దీని ఉద్దేశం. సగం రుసుము కారణంగా ఈ దుకాణాలపై పైన చెప్పిన ఒత్తిడి కూడా సగమవుతుంది. పెట్టుబడి బయటి వ్యక్తిది, పేరు మాత్రం గీత కార్మికునిది అయితే ఆ ప్రయోజనం నిలవదు.

షెడ్యూల్డ్ గ్రామాలలో వేరే చట్టం

1996 నాటి పెసా చట్టం (పంచాయతీలను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించే చట్టం), షెడ్యూల్డ్ ప్రాంతాలలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండేలా రాష్ట్రాలు చూడాలని నిర్దేశించింది. భూసేకరణ విషయంలో అదే చట్టం “సంప్రదింపు” అన్న మాట వాడింది. మద్యం విషయంలో వాడిన మాట “అధికారం”. ఆంధ్రప్రదేశ్ 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని ఇందుకు తగినట్టు సవరించి, 2011లో నియమాలు రూపొందించింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు శ్రీకాకుళం నుంచి సీతంపేట, విజయనగరం నుంచి గుమ్మలక్ష్మీపురం, కురుపాం, పాచిపెంట వంటి మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. దానితో పాత రెండు జిల్లాల షెడ్యూల్డ్ గ్రామాలలో అత్యధిక భాగం కొత్త జిల్లాకు చేరింది. మందస, మెళియాపుట్టి మండలాల కొండ గ్రామాలలో సవర తెగవారు నివసిస్తున్నా, వాటిలో చాలా గ్రామాలు షెడ్యూల్డ్ జాబితాలో లేవు. కొండకు ఆ వైపు గ్రామసభ మద్యాన్ని నియంత్రించగలదు. ఈ వైపు అదే తెగకు చెందిన గ్రామసభ వినతిపత్రం మాత్రమే ఇవ్వగలదు. ఆ గ్రామాలను షెడ్యూల్డ్ జాబితాలో చేర్చాలన్న పాత డిమాండుకు ఉన్న ప్రాధాన్యంలో ఇదీ ఒక భాగం.

ఇతర రాష్ట్రాలు ఏం చేశాయి

మైదాన గ్రామాలకు కూడా మాట చెల్లే ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. మహారాష్ట్రలో 2008 నాటి ఉత్తర్వు ప్రకారం, గ్రామంలో గాని వార్డులో గాని 25 శాతం మహిళా ఓటర్లు లేదా మొత్తం ఓటర్లు కోరితే రహస్య ఓటింగు జరపాలి. నిలబడిన సీసా, పడుకోబెట్టిన సీసా గుర్తులు. సగానికి మించిన ఓట్లు పడుకోబెట్టిన సీసాకు వస్తే దుకాణం మూతపడుతుంది. రాజస్థాన్‌లో దేశీ మద్యం దుకాణాల మూసివేతకు 1975 నుంచే ఇలాంటి నియమాలు ఉన్నాయి. రాజ్‌సమంద్ జిల్లా కాఛాబలీ గ్రామంలో 2016లో మహిళలు ఆ ఓటింగు ద్వారానే దుకాణాన్ని మూయించారు. కేరళ వేరే మార్గంలో వెళ్లి వెనక్కి వచ్చింది. అక్కడ స్థానిక సంస్థ నిరభ్యంతర పత్రం అవసరమనే నిబంధన ఉండేది, 2017లో దానిని తొలగించారు.

మహారాష్ట్ర పద్ధతికి ఒక పరిమితి ఉంది. అది ఉన్న దుకాణాన్ని మూయించడానికి పనికొస్తుంది గాని రాబోయే దుకాణాన్ని ఆపదు. కేరళ పాత పద్ధతి ముందే ఆపగలిగేది, కాని అంగీకారం కోసం స్థానిక నాయకుల చుట్టూ బేరసారాలు నడిచే ప్రమాదం దానిలో ఉంది. రహస్య ఓటింగు ఉండడం, నిర్ణయం పాలకవర్గం చేతిలో గాక ఓటర్ల చేతిలో ఉండడం వల్ల మహారాష్ట్ర నమూనా పల్లెలకు ఎక్కువ అనువైనది. ఆంధ్రప్రదేశ్‌లో దానిని తేవాలంటే ఎక్సైజ్ చట్టం కింద నియమాల సవరణ కావాలి. పంచాయతీరాజ్ శాఖ ఒక్కటే చేయగలిగిన పని కాదు.

ప్రస్తుత లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30తో ముగిసేలా నిర్ణయించారు కాబట్టి, ఏ మండలానికి ఎన్ని దుకాణాలన్న ప్రశ్న తిరిగి తెరుచుకునేది ఆ తేదీకి ముందు నెలలలోనే. గ్రామసభ తీర్మానం, దూరాల పటం గెజిట్ ప్రకటనకు ముందే జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ అధికారికి చేరితే, అవి ఎవరి పెట్టుబడికీ అడ్డురాని దశలో పరిశీలనకు వస్తాయి. డ్రా ముగిసి, మొదటి వాయిదా కట్టి, గదికి అడ్వాన్సు ఇచ్చిన వ్యక్తి ఎదురుగా నిలిచిన తరువాత చేరితే, అదే కాగితం ఒక వివాదంగా మారుతుంది.